కోపమున్నంత సేపు

ఆ ఇంట్లో గడ్డం గీసుకునే అద్దం వంటింట్లో ఉంటుంది. పొయ్యికి ఎడమపక్క, గరిటెలు తగిలించిన మేకుల వరసలో చివరి మేకుకి. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి ముసిముసిగా నవ్వితే, ఇంటాయన నురగ గడ్డంతోనే వెనక్కి తిరిగి, "గడియారం ఆగేది ఇక్కడే కదండీ మరి!" అంటాడు. వాళ్ళు "ఓహో, అలాగా" అని తలాడించి, వచ్చిన పనేదో మాట్లాడుకుని వెళ్ళిపోతారు.

ఆయనది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. అందరూ మీటర్లాయన అంటారు. ఎవరింట్లో ఎన్ని దీపాలు కాలుతున్నాయో గుమ్మంలో నిలబడే చెప్పేస్తాడు గానీ, సొంత ఇంట్లో ఏం కాలుతోందో చూసుకునే అలవాటు లేదు. ఆయన బస్సు ఏడూ నలభైకి. మంచం దిగేది ఏడున్నరకి. ఆ పది నిమిషాల్లో గడ్డమూ, తిండీ, చొక్కా ఇస్త్రీ, జోళ్ళ పాలిషూ ఎలా కుదురుతాయని మీరు అడగొచ్చు. చాలా తేలిగ్గా కుదురుతాయి. భార్యకి కోపం తెప్పిస్తాడు.

ఆవిడకి కోపం వస్తే ఆవిడ ఉన్న గదిలో కాలం ఆగిపోతుంది. గోడ గడియారం ముల్లు ఎక్కడిదక్కడే. గదిలో ఉన్నవాళ్ళు మాత్రం మామూలుగానే తిరుగుతారు, పని చేసుకుంటారు, ఆకలేస్తే తింటారు. గోడలకి అవతల లోకమంతా ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడి ఉంటుంది. మధ్యలో ఎవరైనా గడప దాటారో, వాళ్ళూ అంతే. కోపం దిగగానే ముల్లు కదులుతుంది, లోకం నడుస్తుంది. చిన్నప్పట్నుంచీ ఇంతే. కొందరికి తుమ్ములెక్కువ, కొందరికి చెమటెక్కువ, ఆవిడకి ఇది.

ఆవేళ కూడా మీటర్లాయన కళ్ళు నులుముకుంటూ వంటింట్లోకొచ్చి, గడియారం కేసి చూసి, నాలుక్కరుచుకుని పని మొదలెట్టాడు.

"ఏమోయ్, నిన్న నా చొక్కా ఇస్త్రీ చేసింది నువ్వా, గాడిదా?"

ఆవిడ డబ్బా మూత బిగిస్తోంది. ముల్లు టిక్కు టిక్కుమంటూనే ఉంది.

"గాడిద మాటకి కోపం రావడం మానేసి నెలైందిరా," అంది మూలన కుర్చీలో కూర్చున్న అత్తగారు. "కొత్తదేదైనా ఆలోచించు."

"కొత్తవి ఎక్కణ్ణుంచి తేనమ్మా? పదహారేళ్ళ కాపురం, ఉన్నవన్నీ అయిపోయాయి," అని గొణుక్కుని, గూట్లో ఉన్న పత్రిక కేసి చూశాడు. కళ్ళు మెరిశాయి. "అవునూ, పొద్దస్తమానం ఈ పత్రికలు చదువుతానంటావు. చదివి ఎవర్ని ఉద్ధరించాలి?"

ముల్లు ఆగింది.

"హమ్మయ్య!" అని మీటర్లాయన గడ్డానికి నురగ పట్టించడం మొదలెట్టాడు. అత్తగారు తీరిగ్గా రెండో గ్లాసు టీ కలుపుకుంది. కోడలి చేతిలో డబ్బా మూత మాత్రం రెండు వంకర్లు తిరిగింది.

"చదవడం ఎప్పుడు చూశారు మీరు?" అంది, పళ్ళ మధ్య నుంచి.

"చూళ్ళేదు కాబట్టే అంటున్నాను. చదవనిదానికి ఎందుకంటా?"

"వాడి గడ్డం అయ్యేదాకా తిట్టమ్మాయ్," అంది అత్తగారు. "పోయినసారి సగంలో చల్లబడితే సగం గడ్డంతో పరిగెత్తాడు. వీధంతా నవ్వారు."

నవ్వులాటగానే ఉంటుంది, వినేవాళ్ళకి. ఒంటికి నవ్వులాట కాదు. ఆగిపోయిన గంటల్ని గడియారం లెక్కేసుకోదు గానీ మోకాళ్ళు లెక్కేసుకుంటాయి. మొగుడికంటే మూడేళ్ళు వెనక పుట్టింది, ఇప్పుడు అతనికంటే రెండేళ్ళు పెద్దగా కనిపిస్తుంది. గోళ్ళు అందరికంటే ముందు పెరుగుతాయి, చెప్పులు అందరికంటే ముందు అరుగుతాయి. ఆవిడ కోపంలోంచి పుట్టిన సమయాన్ని అందరూ వాడుకున్నారు. గడ్డాలు గీసుకున్నారు, టీలు తాగారు. ఆవిడకి మిగిలింది తలనెప్పి.

ఆ సమయంలోంచి ఒక్క ముక్క కావాలి ఆవిడకి. పత్రిక చదువుకోవడానికి.

ఆ వీధిలో పదకొండు ఇళ్ళకి కలిపి ఒక పత్రికల చక్రం ఉంది. ఒక్కో పత్రిక ఒక్కో ఇంట్లో ఒక రోజుంటుంది. సాయంత్రం ఆరింటికి వస్తుంది, మర్నాడు ఆరింటికి పోతుంది. తెచ్చేదీ పట్టుకెళ్ళేదీ తిప్పుడాయన. ముప్ఫయ్యేళ్ళుగా అదే సైకిలు, అదే సంచి, అదే ప్రశ్న. పత్రిక వెనక్కి తీసుకునేటప్పుడు గుమ్మంలో నిలబడి, "ఏం చదివారు?" అంటాడు. చదివింది చెప్పాలి. వరసగా మూడుసార్లు చెప్పలేకపోతే పేరు కొట్టేసి, బయట కాచుక్కూచున్న పద్నాలుగు ఇళ్ళలో మొదటిదానికి ఆ చోటు ఇచ్చేస్తాడు. బల్లల మీద దుమ్ము కప్పడానికి నేను సైకిలు తొక్కక్కర్లేదు, అంటాడు.

మొన్న ఆవిడ చెప్పలేకపోయింది. నిన్నా చెప్పలేకపోయింది. ఆయన పొట్టి పెన్సిల్ తీసి చీటీ మీద ఒక గీత గీశాడు, దాని పక్కన రెండోది గీశాడు. మూడోది ఇవాళ సాయంత్రం ఆరింటికి.

"ఏదో ఒకటి అబద్ధం చెప్పెయ్యొచ్చు కదా," అన్నాడు మీటర్లాయన చొక్కా తొడుక్కుంటూ.

"ఆయన ప్రతి పత్రికా ఆసాంతం చదివాకే తెస్తాడు. పట్టేసుకుంటాడు."

"అయితే చదివెయ్. ఇప్పుడు గడియారం ఆగే ఉందిగా?"

అదీ అసలు చిక్కు. ఆవిడకి తెలీక కాదు. కోపంతో ఎన్నోసార్లు పత్రిక తెరిచింది. మంచి కథ ఒకటి కళ్ళబడుతుంది. నాలుగు వాక్యాలు. ఐదో వాక్యానికి నొసటి ముడి విడిపోతుంది, భుజాలు దిగుతాయి, కోపం ఎటు పోయిందో తెలీదు, ముల్లు టిక్కుమంటుంది. కోపమున్నప్పుడు సమయం ఉంటుంది. చదివితే కోపం ఉండదు. కుండలో నీళ్ళున్నాయి, మూత తీస్తే ఆవిరైపోతాయి.

ఆ ఆలోచన రాగానే ఇంకాస్త మండింది. మీటర్లాయనకి జోళ్ళ పాలిష్ కూడా అయిపోయింది. "ఇవాళ బాగా వచ్చింది!" అని మెచ్చుకుని, ముల్లు కదలగానే వెళ్ళాడు. ఆవిడ పత్రిక సంచిలో వేసుకుని పనికి బయల్దేరింది.

*

పని అంటే కోట్లు కుట్టే దుకాణం. మేడ మీద ఒకటే పొడుగాటి గది. నాలుగు కిటికీలు, ఆరు మిషన్లు, మధ్యలో గుడ్డ కత్తిరించే బల్ల. ఆవిడ పని కాజాలు కట్టడం, అంటే గుండీలు పట్టే రంధ్రాల చుట్టూ సూదితో అంచు కుట్టడం. అందుకే అందరికీ కాజాలక్క అయింది. ఆవిడ పక్కన గుండీలామె. బల్ల దగ్గర కత్తెరన్న. ఓనరుని ఎదురుగా సార్ అంటారు, వెనక టేపుగారంటారు. కొలతల టేపు ఆయన మెడలోంచి దిగగా చూసినవాళ్ళు లేరు. స్నానానికి కూడా అలాగే వెళ్తాడని గుండీలామె పందెం కాసింది. తేల్చే మార్గం లేక పందెం అలాగే ఉంది.

ఆ గదిలో పనిచేసేవాళ్ళంతా రెండు అన్నం డబ్బాలు తెచ్చుకుంటారు. ఒకటి గడియారానికి, రెండోది కాజాలక్క కోపానికి.

"నాలుగింటికి డెలివరీ!" అంటూ వచ్చాడు టేపుగారు. ఆయన రోజూ పలికే మొదటి మాట ఇదే. "ఆస్పత్రి వాళ్ళ తెల్లకోట్లు. అరవై. నాలుగు దాటితే వాళ్ళు నన్ను బతకనివ్వరు."

"ఆస్పత్రి వాళ్ళు బతకనివ్వకపోతే ఇంకెవరు బతికిస్తారు సార్?" అంది గుండీలామె.

"జోకులాపి గుండీలు చూడు." టేపుగారు కాజాలక్క దగ్గరికొచ్చి, ఒక కోటు ఎత్తి వెలుగులో పెట్టి, పెదవి విరిచాడు. "ఏంటమ్మా ఇది? పిల్లి గీకినట్టుంది."

అది ఆయన సొంత కల్పన కాదు. జేబులో చిన్న పుస్తకం ఉంది. కాజాలక్కకి ఏ మాటకి ఎంతసేపు కోపం ఉంటుందో రాసుకున్నాడు. పిల్లి గీకినట్టుంది: ఇరవై నిమిషాలు. మా ఊళ్ళో చిన్నపిల్లలు ఇంతకంటే బాగా కుడతారు: అరగంట. నీకు వయసైపోయిందమ్మా: నలభై నిమిషాలు, కానీ ఆ రోజుకి మళ్ళీ పనిచెయ్యదు.

పిల్లి మాటకి గడియారం తొమ్మిదీ పదికి ఆగింది. పిల్లల మాటకి పదింటికి ఆగింది. వయసు మాటకి పదకొండున్నరకి ఆగింది. మధ్యాహ్నం భోజనాల వేళకి మామూలు మనిషి లెక్కన అందరూ అప్పటికే ఓ పూట పని ఎక్కువ చేసేశారు. కత్తెరన్న రెండో డబ్బా కూడా నాకేశాడు. ఇంకా పదహారు కోట్లు మిగిలాయి.

పన్నెండున్నర. ఇదొక్కటే ఆవిడ సొంత అరగంట. కాజాలక్క సంచిలోంచి పత్రిక తీసింది. డబ్బా మూత తియ్యలేదు.

మొదటి పేజీలో కథ. ఒక ముసలావిడ రైలెక్కి, తను దిగాల్సిన ఊరు మర్చిపోయి, పక్క మనిషిని అడుగుతుంది, "మీరు ఎక్కడ దిగుతారో నేనూ అక్కడే దిగొచ్చా?" అని. కాజాలక్క పెదవుల మూల కాస్త సాగింది. ముల్లు మాత్రం దొంగపిల్లిలా ముందుకు పాకుతోంది. ఒకటిన్నర పేజీ అయ్యేసరికి పన్నెండూ నలభై. కళ్ళు మండాయి. దారాల వంక పొద్దుట్నుంచీ చూసీ చూసీ అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయి. కథ ఇంకా ఎనిమిది పేజీలుంది. పత్రిక మొత్తం డెబ్బై.

"చిన్నదేదైనా చూడక్కా," అంది గుండీలామె నములుతూ. "సాయంత్రం చెప్పడానికి ఒక్క ముక్క చాలు కదా?"

"ఒక్క ముక్క చెప్పడానికి కాదే నేను తెప్పించుకునేది," అని విసుక్కుంటూనే పేజీలు తిప్పింది.

అక్కడ ఉంది, రెండు పేజీల నిండా, పూలతీగల అంచుతో. 'తీరిక లేదనకండి! పత్రిక చదువుకోవడానికి పది దారులు.' రాసినాయన ఫోటో కూడా వేశారు. తోటలో వాలుకుర్చీ, కాళ్ళ దగ్గర కుక్క, చేతిలో పత్రిక. పక్కనే చిన్న బల్ల మీద టీ, అది పెట్టి వెళ్ళిపోతున్న ఎవరిదో చెయ్యి సగం.

మొదటి దారి: ఇంట్లో అందరూ లేవడానికి ఓ అరగంట ముందు లేవండి.

ఆవిడ ఐదింటికి లేస్తుంది. అంతకు ముందు ఇంకేముంటుంది, నిన్న తప్ప?

రెండో దారి: గిన్నెలో నీళ్ళు మరిగేలోపు ఒక పేజీ పూర్తి చెయ్యవచ్చు.

మూడో దారి: ఇంటిపనిని ఆటలా భావిస్తే సగం సమయంలోనే అయిపోతుంది.

నాలుగో దారి: మీకు చదవడం ఇష్టమని ఇంట్లో వారికి చిరునవ్వుతో చెప్పి చూడండి. వారే ఆశ్చర్యపరుస్తారు.

"ఏం రాశాడక్కా?" అంది గుండీలామె, కాజాలక్క మెడ మీద నరం చూసి.

కాజాలక్క పైకి చదివింది. ఐదో దారి: "అన్నిటికంటే ముఖ్యం, కోపాన్ని దరిచేరనీయకండి. మన రోజులో ఎక్కువ సమయాన్ని మింగేసేది కోపమే!"

టక్కుమని ముల్లు ఆగింది. పన్నెండూ నలభై మూడు.

అప్పటిదాకా ఎవ్వరూ తెప్పించనంత కోపం. పుస్తకంలో రాసుకోవడానికి టేపుగారి చెయ్యి జేబులోకి పోయింది గానీ, ఏమని రాయాలో తెలీక వెనక్కొచ్చింది. ఆయనకి కావాల్సిన ముక్క మాత్రం తెలిసింది.

"ఆగింది! లేవండి, లేవండి! కూర్చోండి మిషన్ల దగ్గర! కత్తెరా, బల్ల దగ్గరికి! పదహారు కోట్లు, ఈ దెబ్బతో అయిపోవాలి!" అంటూ చప్పట్లు కొట్టి, కాజాలక్క చేతిలోంచి పత్రిక లాగి, కత్తిరించే బల్ల చివర పెట్టాడు. "చదివింది చాలమ్మా. భలే పత్రికే. రేపు కూడా తెచ్చుకో."

చూశారా! ఆ కోపం ఆవిడ సొంతం. తనే కొని తెచ్చుకున్నట్టు చదివి తెచ్చుకుంది. దాన్ని కూడా లాక్కున్నాడు. తింటున్న డబ్బాలోంచి కాదు, నోట్లోంచి లాక్కున్నట్టు. ఆవిడ సూది అందుకుంది. అందుకోక ఏం చేస్తుంది, పదహారేళ్ళుగా ఇంట్లో ఒకరు, తొమ్మిదేళ్ళుగా ఇక్కడొకరు మప్పిన అలవాటు: కోపం రావడం, చేతులు పని అందుకోవడం. గుడ్డలోకి సూది దిగినప్పుడల్లా కొరడా చప్పుడొచ్చింది. ఒక్కో కాజా ఒక్కో దారిగా, ఒక్కో దారి ఒక్కో పోటుగా, పదహారు కోట్లూ అయ్యాయి. ఎంతసేపు పట్టిందో ఎవరూ చూడలేదు, చూడ్డానికి గడియారంలో ఏమీ లేదు. గుండీలామె చూపుడువేలు మాత్రం ఉబ్బింది. కత్తెరన్న రెండుసార్లు మంచినీళ్ళు తాగి, మూడోసారి కూజా ఖాళీ అయిందని చూపించాడు.

చివరి దారం తెంపగానే ఆవిడ తల గోడకి వాలింది. కోపానికి కూడా ఒళ్ళు కావాలి కదా. ముల్లు కదిలింది. పన్నెండూ నలభై నాలుగు.

*

అరవై కోట్లూ మడతపెట్టి ఉన్నాయి. నాలుగింటి పని పన్నెండూ నలభై నాలుగుకి అయిపోయింది. టేపుగారికి గాల్లో తేలినట్టుంది. ఫోన్ తీసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి, ఆస్పత్రికి కలిపాడు.

"సార్, మీ కోట్లు రెడీ! చెప్పిన టైముకంటే మూడు గంటలు ముందే! ఇప్పుడే పంపించమంటారా?"

"కోట్లా?" అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. "ఏ కోట్లండీ?... ఆఁ, అవా! వచ్చే నెల పదిహేనో తారీఖు కదండీ మనం అనుకున్నది? కొత్తవాళ్ళు చేరాక. ఇప్పుడు పెట్టుకోడానికి మాకు చోటు కూడా లేదు. తొందరేం లేదు సార్, అసలు..."

అక్కడ ఆగిపోయాడు, అసలు దగ్గర.

ఫోన్ పాడవలేదు. గోడ మీద ముల్లు పన్నెండూ నలభై ఐదు మీద బిగుసుకుపోయింది. కిటికీ అవతల ఒక కాకి, విప్పిన రెక్క విప్పినట్టే గాల్లో ఉండిపోయింది. కింద వీధిలో గొంతులన్నీ ఆగాయి.

కాజాలక్క గోడ వదిలి నిటారుగా కూర్చుంది.

"నాలుగింటికన్నారు," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"అంటే... ముందు జాగ్రత్త మంచిదని..." అన్నాడు టేపుగారు.

"నిన్న కూడా నాలుగింటికన్నారు."

"వ్యాపారమన్నాక..."

"తొమ్మిదేళ్ళుగా నాలుగింటికే అంటున్నారు. వాటిలో నిజంగా నాలుగింటివి ఎన్ని సార్?"

టేపుగారు టేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాడు. కొలవడానికి ఎదురుగా ఏమీ కనబడలేదు. గుండీలామె ఉబ్బిన వేలు చూసుకుంది. కత్తెరన్న కత్తెర బల్ల మీద పెట్టేశాడు, చప్పుడయ్యేలా.

"రెండో మూడో ఉంటాయి," అన్నాడు టేపుగారు చివరికి. తర్వాత, గడియారం చూసి అలవాటు కొద్దీ ముఖం వెలిగింది. "సరే, సరే. ఆగింది కదా, పని..." చుట్టూ చూశాడు. పని లేదు. అరవైకి అరవై అయిపోయాయి.

కాజాలక్క లేచింది. బల్ల చివరికెళ్ళి పత్రిక తీసుకుంది. కిటికీ పక్కన, వెలుతురు బాగా పడే చోట టేపుగారి కుర్చీ ఉంటుంది. అందులో కూర్చుంది. కాళ్ళు ఎదుటి స్టూలు మీద చాపింది.

"అమ్మా, కొంచెం తగ్గించుకో. నాకు పనుంది, కిందకి వెళ్ళాలి," అన్నాడు టేపుగారు గడప దగ్గర తచ్చాడుతూ. దాటితే అక్కడే కొయ్యబారాలి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. అవతల 'అసలు' ఇంకా అయిపోలేదు.

"నాకూ పనుంది," అని కాజాలక్క పేజీ తిప్పింది.

రైల్లో ముసలావిడ అలాగే ఉంది, పక్క మనిషి జవాబు కోసం చూస్తూ. అతను సంచి సర్దుకుంటూ, "నేను దిగేది మా అత్తగారి ఊళ్ళో. మీకు నచ్చదు, నాకే నచ్చదు," అన్నాడు. కాజాలక్క నవ్వింది. పకపకా, బయటికి నవ్వింది. నవ్వి, ఉలిక్కిపడి, గడియారం చూసింది.

ముల్లు కదల్లేదు.

మళ్ళీ చదివింది. మళ్ళీ నవ్వొచ్చింది. ఒకచోట కళ్ళు చెమర్చాయి కూడా. ముల్లు పన్నెండూ నలభై ఐదు మీదే ఉంది. ఇన్నేళ్ళూ వాళ్ళు తెప్పించిన కోపాలన్నీ ఇరవై నిమిషాలవీ, అరగంటవీ. ఎవరో అంటించినవి, ఊదితే ఆరిపోయేవి. ఇది ఎవరూ తెప్పించింది కాదు. తెలుసుకున్న కోపం. నవ్వు వచ్చి పక్కన కూర్చుంటే ఇది కాస్త జరిగి చోటిస్తుంది గానీ లేచి వెళ్ళదు.

"పైకి చదవక్కా," అంది గుండీలామె, గుడ్డల మూట మీద వాలి.

పైకి చదివింది. కథ చదివింది. ఏనుగుల మీద వ్యాసం చదివింది. జోళ్ళ ప్రకటన చదివింది. పాఠకుల ఉత్తరాలు చదివింది. గుండీలామె నిద్రపోయి లేచింది. కత్తెరన్న బల్ల మీద వెల్లకిలా పడుకుని, ఏనుగుల దగ్గర మాత్రం, "ఆ వాక్యం మళ్ళీ చదువు," అన్నాడు. టేపుగారు మొదట్లో నిలబడ్డాడు, తర్వాత స్టూలు మీద, ఆ తర్వాత నేల మీద కూర్చున్నాడు. డిటెక్టివ్ కథ సగంలో కాజాలక్క ఊపిరి తీసుకోవడానికి ఆగితే, "తాళం ఎవరి దగ్గరుందమ్మా?" అని అడిగి, అడిగినందుకు సిగ్గుపడి, టేపు చుట్టుకోవడం మొదలెట్టాడు.

పది దారులూ కూడా చదివింది, పదో దాని దాకా. వదల్లేదు.

చివరి అట్ట మూశాక, కోపాన్ని ఒళ్ళో పత్రికలాగే మడిచి పక్కన పెట్టింది. అలా పెట్టొచ్చని ఆవిడకి కూడా అప్పుడే తెలిసింది. ముల్లు కదిలింది. కాకి ఎగిరిపోయింది.

"...మేమెప్పుడు తొందరపెట్టాం సార్?" అన్నాడు ఫోన్లో మనిషి.

కాజాలక్క డబ్బా మూత తీసి, ఇంకా పదిహేను నిమిషాలున్న భోజనాల వేళలో, నిదానంగా తినడం మొదలెట్టింది.

సాయంత్రం మెట్లు దిగుతుంటే టేపుగారు వెనకే వచ్చాడు. "రేపట్నుంచి నీకు కోపం తెప్పించనమ్మా. ఒట్టు."

"తెప్పించండి సార్," అంది ఆవిడ. "పత్రిక తెచ్చుకుంటాను."

*

ఇంటికి వచ్చేసరికి ఆరు కావడానికి ఒక నిమిషముంది. తిప్పుడాయన అప్పటికే ముందుగదిలో నిలబడి ఉన్నాడు, భుజాన సంచితో, చేతిలో పొట్టి పెన్సిల్‌తో. మీటర్లాయన గుమ్మం పక్కన జాలిముఖం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అత్తగారు లోపలి తలుపుకి ఇవతల ఆనుకుని చూస్తోంది.

"ఏం చదివారు?" అన్నాడు తిప్పుడాయన.

కాజాలక్క చెప్పడం మొదలెట్టింది. రైల్లో ముసలావిడ చివరికి ఎక్కడ దిగిందో చెప్పింది. ఏనుగుల గురించి చెప్పింది. తాళం ఎవరి దగ్గరుందో చెప్పింది. పది దారుల దగ్గరికొచ్చేసరికి గొంతు మారింది. వాలుకుర్చీ గురించి చెప్పింది, టీ పెట్టి వెళ్ళిన సగం చెయ్యి గురించి చెప్పింది. "ఆ చెయ్యి ఎవరిదో, ఆవిడ ఆ పత్రిక చదివిందో లేదో, ఒక్క ముక్క రాయలేదండీ ఆ పెద్దమనిషి. పది దారులు రాశాడు. మంది సమయం మింగడం మానండని ఒక్క దారి, ఒక్కటంటే ఒక్కటి, ఇంట్లోవాళ్ళకి రాయలేదు!"

ముందుగది గడియారం ఆగింది.

"ఆగిందా?" మీటర్లాయన చటుక్కున లేచాడు. "అయితే నా రేపటి చొక్కా..." ఆవిడ తలతిప్పి చూసింది. అంతే. ఆయన ఎలా లేచాడో అలాగే కూర్చున్నాడు.

తిప్పుడాయన పెన్సిల్ చెవి వెనక పెట్టుకున్నాడు. గీత గీయలేదు. గడియారం వంక చూశాడు, వీధి వంక చూశాడు. వీధి ఆగి ఉంది. ఆయన సైకిలు గోడకి ఆనుకుని ఉంది. మిగతా ఇళ్ళ గుమ్మాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరూ ఆయన కోసం ఎదురుచూడటం లేదు. ముప్ఫయ్యేళ్ళలో మొదటిసారి.

"ఆ ముసలావిడ," అన్నాడు నెమ్మదిగా, "నిజంగా అతనితోనే దిగిపోయిందా?"

"మీరు చదివారు కదా?"

ఆయన సంచి భుజం మార్చుకున్నాడు. "ఆరు వీధులమ్మా. అరవై ఆరు గడపలు. చదువుతూ కూర్చుంటే తిప్పేదెవరు? మీరంతా చెబుతుంటే వినడమే. అందుకే అడుగుతాను. ఒక్కటి కూడా... ఇప్పటిదాకా ఒక్కటి కూడా తెరవలేదు."

"నాకు తెలుసులే," అంది తలుపు దగ్గర్నుంచి అత్తగారు. "చక్రంలో మన చోటు నాదిగా ఉన్నన్నాళ్ళూ అన్నీ నా సొంత కథలే చెప్పాను."

తిప్పుడాయన ఆవిడ వంక ఆశ్చర్యంగా చూశాడు. "ఆ రెండు తలల దొంగ కూడానా?"

"వాడు కూడా."

కాజాలక్క నవ్వలేదు. ఆ ముసలాయన చేతులు చూస్తోంది. ముప్ఫయ్యేళ్ళుగా పత్రికలు మోసి, అరచేతుల నిండా అచ్చు సిరా నలుపు. లోపల పక్కన పెట్టిన కోపం మెల్లగా లేచి, ఇంకో మెట్టెక్కింది. ఈసారి తన కోసం కాదు. కుర్చీ లాగి ఆయన వెనక వేసింది. చేతిలోని పత్రిక ఆయనకే ఇచ్చింది, మొదటి పేజీ తీసి.

ఆయన కూర్చున్నాడు. సంచి దించాడు. కళ్ళజోడు లేదు. అత్తగారు తనది తీసి ఇచ్చింది. మొదటి వాక్యం వేలుతో పట్టుకుని చదివాడు, పెదాలు కదిలిస్తూ. రెండోది వేలు లేకుండా. మూడో పేజీ దగ్గర భయంగా గడియారం కేసి చూసి, తర్వాత ఆవిడ కేసి చూశాడు.

"కాస్త ఆ కోపం అలాగే ఉంచమ్మా," అన్నాడు, బతిమాలుతున్నట్టు. "ఇంకో రెండు పేజీలే."

"ఉంటుంది లెండి," అంది కాజాలక్క. "మీరు నింపాదిగా చదవండి."